మందు, వేగం, గురి: సీమ తుపాకి చరిత్రలో మన జాతుల జాడ

కర్నూలు, కడప పల్లెల్లో ‘మందు’ అనే మాటకు పని ఎక్కువ. జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తిచేనుకు కొట్టేదీ మందే, తుపాకి గొట్టంలో కూరేదీ మందే. నాటు తుపాకి పట్టిన పాతకాలపు మనిషిని కదిలించి చూడండి. గొట్టం పొడవు గురించి ఆయన రెండు మాటలు చెప్తే, మందు గురించి ఇరవై మాటలు చెప్తాడు. మందు ఆరిందా, తేమ పట్టిందా, గుండు ఎంత దూరం పోయింది, అనుకున్న చోట తగిలిందా అని.

రైఫిలు పోటీల్లో పాల్గొనేవాళ్లు కొన్ని దేశాల్లో తమ తూటాలు తామే నింపుకుంటారు. రెండు మూడు రకాల మందులు తెచ్చి, దేనితో గుండు వేగంగా పోతుందో, దేనితో గురి బాగా కుదురుతుందో కొలిచి పోల్చుకుంటారు. వాళ్లకది ఆట. మన నేల మీద మాత్రం అదే ప్రశ్న మూడున్నర శతాబ్దాలకు పైగా కోటల్ని కూల్చింది, పాలెగాళ్లను లేపింది, పడగొట్టింది, మన తెగల బతుకుల్ని తారుమారు చేసింది. మంచి మందు ఎవరి దగ్గర ఉంది, దాన్ని కొలిచే విద్య ఎవరికి తెలుసు అన్నదాన్ని బట్టి ఎవరు ఏలాలో, ఎవరు తలవంచాలో చాలాసార్లు తేలిపోయింది.

యువ మిత్రులారా, ఈ వ్యాసంలో మందు తయారుచేసే పద్ధతులు ఉండవు. లైసెన్సు లేకుండా ఆ పని చేయడం నేరం, ప్రాణాంతకం కూడా. ఇందులో ఉన్నది చరిత్ర. మన తాతముత్తాతల పేర్లు గ్రంథాల్లో అక్కడక్కడా తప్ప కనిపించని చరిత్ర.

ఉప్పునేల

పాతకాలపు తుపాకిమందులో మూడే సరుకులు: సురేకారం, గంధకం, బొగ్గు. మన పెద్దలు సురేకారాన్ని పెట్లుప్పు అని కూడా అనేవారు. బొగ్గు అడవి ఇస్తుంది. గంధకం బయటినుంచి రావాలి. అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది సురేకారం. అది మాత్రం మన కాళ్ల కిందే పుట్టింది.

వానలు తక్కువగా, ఎండలు మెండుగా ఉండే నేలలో పాత ఊరి దిబ్బల మీద, పశువుల దొడ్ల దగ్గర, మట్టిగోడల అడుగున తెల్లటి పొర పొంగుతుంది. వాన పడితే కరిగిపోతుంది, ఎండ కాస్తే మళ్లీ పైకి తేలుతుంది. కరువును తెచ్చిపెట్టే ఆ ఎండే ఈ ఉప్పునూ పైకి తెచ్చింది. ఆ మట్టినుంచి ఉప్పు, సురేకారం తీసే పని ఉప్పరులది. వాళ్ల పేరులోనే ఉప్పు ఉంది. ఆ పని ఏళ్ల తరబడి సాగిన చోట వాడిపడేసిన మట్టి గుట్టలుగా పేరుకుని, చూసేవాళ్లకు చిన్న కొండల్లా కనిపించేది.

సరిగ్గా శుద్ధి చేయని సురేకారం గాలిలోని తేమను పీలుస్తుంది. అలాంటి మందు ఒకరోజు గట్టిగా పేలి, మరుసటి రోజు తుస్సుమంటుంది. అందుకే మంచి మందును ఎంచడం ఆనాడే ఒక విద్య. రంగు చూసేవాళ్లు, వేళ్ల మధ్య నలిపి చూసేవాళ్లు, చిటికెడు కాల్చి మిగిలిన మసిని చూసి తీర్పు చెప్పేవాళ్లు. ఈనాటి పోటీ షూటరు చేసే పోలికకు మూలం ఇదే. తేడా ఒక్కటి: వాళ్లు కంటితో, చేత్తో పోల్చారు. అంకెలు ఇంకా రాలేదు.

సరుకు ఒకచోట పుడితే చాలదు, అవసరమైన చోటికి చేరాలి. రోడ్లు లేని ఆ కాలంలో కొండ కనుమలు దాటించినవాళ్లు మనవాళ్లు. ఎరుకలవాళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోతట్టు పల్లెలకు తెచ్చి ధాన్యానికి మార్చేవాళ్లు. సుగాలీలు వందల ఎద్దుల మందలతో దండు వెంట ధాన్యం మోసేవాళ్లు. 1791–92లో, మళ్లీ 1799లో కంపెనీ సైన్యం టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం వెళ్లినప్పుడు దాని కడుపు నింపింది ఆంగ్లేయులు ‘బ్రింజారీలు’ అని రాసుకున్న ఈ సుగాలీ బిడారులే. దండు ఎంత మందు పేల్చినా, వీళ్ల ఎద్దులు ఆగితే ఆ దండూ ఆగాల్సిందే.

గండికోట పాఠం

1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టాడు. అంతవరకు దాన్ని ఏలినది పెమ్మసాని నాయకులు. పెన్నానది కోసిన లోయ అంచున నిలబడిన ఆ కోటకు ఫిరంగులు ఎక్కించడమే గొప్ప సాహసం. రెండేళ్ల తర్వాత, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అక్కడికి వచ్చి చూసినదంతా రాసిపెట్టాడు.

అప్పుడు మీర్ జుమ్లా దగ్గర మాయే అనే ఫ్రెంచివాడు ఉన్నాడు. 48 పౌన్ల గుండు పేల్చేవి 10, 24 పౌన్లవి 10, మొత్తం 20 ఫిరంగులు పోతపోయాలని అతనికి ఆజ్ఞ. దానికోసం చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించారు. చివరికి ఒక్క ఫిరంగీ తయారు కాలేదని టావెర్నియర్ రాశాడు. అందరి కోటల్నీ కొట్టగల సేనాని కూడా లోహమూ మందూ తెలిసిన పనివాడి ముందు చేయి చాచాల్సి వచ్చింది. అధికారం కొలిమిని కొనగలదు గానీ అందులోని విద్యను ఒక్కరోజులో కొనలేదు.

ఆ తర్వాత వందేళ్లకు పైగా కడప నవాబులు, మైసూరు హైదర్ అలీ, నిజాం ఈ కోటల కోసం కొట్టుకున్నారు. 1779లో హైదర్ కడపను లోబరచుకున్నాడు. ఇనుప గొట్టంలో మందు కూరి వదిలే మైసూరు రాకెట్లు ఈ కాలానివే. శ్రీరంగపట్నం పడ్డాక ఆంగ్లేయులు వాటిని తమ దేశానికి పట్టుకుపోయారు. వాటిని చూసే కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు.

బోయ చేతిలో తుపాకి

పాలెగాళ్ల బలం వాళ్ల కోటల్లో కంటే వాళ్ల బంట్లలో ఎక్కువ ఉండేది. ఆ బంట్లలో బోయలది పెద్ద సంఖ్య. పక్కనే కన్నడసీమలో బేడర్లుగా పేరుపడిందీ వీళ్ల బంధుజాతే. అడవి తెలిసినవాళ్లు, నడకలో దిట్టలు, గురికి పేరుబడ్డవాళ్లు. వాళ్ల చేతిలోని తుపాకి జామగిది. అంటే నిప్పంటించిన తాడు మందును తాకితే పేలుతుంది.

ఆ తుపాకి లోపం ఏమిటో తెలిస్తే బోయ గురి విలువ తెలుస్తుంది. మందును కొమ్ములోంచో, చిన్న కొలత గొట్టంలోంచో పోసేవాళ్లు. ఒకసారి నాలుగు పలుకులు ఎక్కువ, ఇంకోసారి నాలుగు తక్కువ. గట్టిగా కూరితే ఒక రకం, వదులుగా కూరితే మరో రకం. గుండు గొట్టానికి సరిగ్గా అతకదు, సందుల్లోంచి పొగ, బలం జారిపోతాయి. గొట్టం లోపల నున్నగా ఉండటంతో గుండు బయటికొచ్చాక ఎటు పొర్లుతుందో చెప్పలేం. వాన చినుకు పడితే జామగి ఆరిపోతుంది. ఇన్ని తేడాల మధ్య గురి కొట్టాలంటే తన తుపాకినీ తన మందునూ మనిషి గుండె కొట్టుకున్నంతగా ఎరిగి ఉండాలి.

1800 అక్టోబరులో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాల పేరు అలా వచ్చింది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుట 80 మంది పాలెగాళ్లు, వాళ్ల వెనక వేలాది సాయుధులైన బంట్లు నిలిచారు. కోటలు పడగొట్టి, బంట్లను చెదరగొట్టి, పాలెగాళ్లను పింఛనుదార్లుగా మార్చడం ఆయన మొదటి పని. పాలెగాడికి పింఛనైనా దక్కింది. తుపాకి తప్ప వేరే కౌలు లేని బంటుకు దక్కింది తక్కువ. ఆ కుటుంబాల్లో చాలామంది కూలీలయ్యారు.

వేగాన్ని కొలిచినవాడు

ఈ మధ్యలో సముద్రం అవతల ఒక మార్పు జరిగింది. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు గుండు వేగాన్ని కొలిచే ఉపాయం ప్రకటించాడు. బరువైన కొయ్యదిమ్మెను ఉయ్యాలలా వేలాడదీసి, దానిమీదికి తుపాకి పేల్చాడు. గుండు తగిలితే ఉయ్యాల వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో కొలిస్తే, దిమ్మె బరువు, గుండు బరువు తెలుసు కాబట్టి గుండు వేగం లెక్క తేలుతుంది. తుపాకి గుండు సెకనుకు 1,600 అడుగులకు పైగా పరిగెత్తుతుందని ఆయన చూపించాడు. అంత వేగంగా పోయే గుండును గాలి ఎంత బలంగా అడ్డుకుంటుందో కూడా ఆయనే తేల్చాడు.

ఇక మందును మసి చూసి మెచ్చుకోనక్కర్లేదు. ఈ మందుతో ఉయ్యాల ఇంత ఊగింది, ఆ మందుతో అంత ఊగింది అని కాగితం మీద రాసుకోవచ్చు. మందుల పోలిక అప్పటినుంచి శాస్త్రమైంది.

ఆ రాబిన్స్ చివరికి మన తీరానికే వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ని కోటల ఇంజనీరుగా పంపింది. 1751 జూలైలో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. సీమలో బోయ బంటు వేళ్ల మధ్య మందు నలిపి చూస్తున్న కాలంలోనే, కొన్ని రోజుల నడక దూరంలో దాన్ని అంకెల్లోకి మార్చిన మనిషి కన్నుమూశాడు. తెలివిలో ఇద్దరి మధ్యా తక్కువ ఎక్కువలు లేవు. ఒకరి విద్య పుస్తకమై ఫ్యాక్టరీల దాకా పోయింది, ఇంకొకరి విద్య ఆయనతోనే మట్టిలో కలిసింది.

కర్నూలు 1839, కోయిలకుంట్ల 1846

కర్నూలు పట్టణం 1800 తర్వాతా నవాబుల చేతిలోనే ఉంది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. 1839లో సైన్యంతో వచ్చి వెతికితే కోటలో, అంతఃపురం తోటల్లో దాచిన ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. అక్టోబరు 18న జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబు పట్టుబడి తిరుచిరాపల్లి చేరాడు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. కూడబెట్టిన మందు ఆయనకు అక్కరకు రాలేదు. గోదాములో పడి ఉన్న మందుకూ, దాన్ని వాడే చేయి, నమ్మే జనం ఉన్న మందుకూ తేడా ఉంది.

ఆ తేడాను ఏడేళ్లకే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చూపించాడు. 1846 జూలైలో ఆయన అనుచరులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ఆయన వెంట నడిచినవాళ్లలో బోయలు, వడ్డెలు, అడవి తెగల మనుషులు ఉన్నారు. వడ్డె ఓబన్న పేరు నేటికీ సీమ నాలుక మీద ఉంది. గిద్దలూరు వైపు పోరాడి, నల్లమల అంచులు పట్టుకుని తిరిగి, అక్టోబరులో పేరుసోమల కొండల్లో ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను 1877 దాకా వేలాడదీసి ఉంచారు. పాటల్లో మిగిలింది ఆయన పేరు. ఆయనతోపాటు శిక్షలు పడినవాళ్లలో ఎందరో మామూలు బంట్లున్నారు. వాళ్ల పేర్లు వెతికి బయటికి తీయాల్సిన పని మనది.

నాటి కంపెనీ సిపాయి దగ్గర కాగితపు తూటా ఉండేది. మందు ముందే కొలిచి, గుండుతో కలిపి కాగితంలో చుట్టినది. ప్రతి తూటాలో ఒకే మోతాదు. నోటితో కొరికి చింపి పోస్తే సరి. బోయ బంటు అనుభవంతో సాధించిన సమానత్వాన్ని కంపెనీ గోదాములోనే చుట్టి పంపింది. ఆ కాగితానికి పూసిన కొవ్వు గురించే 1857లో ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డారు. ఆ ఏడాదే ఆయుధాలు అప్పగించమని చట్టం వస్తే, కన్నడసీమలోని హలగలి బేడర్లు ఒప్పుకోలేదు. వాళ్ల ఊరిని తగలబెట్టి, పట్టుబడ్డవాళ్లను ఉరితీశారు. తుపాకి వాళ్లకు జీవనాధారం, గౌరవం. కాగితం మీద ఒక సంతకంతో రెండూ పోయాయి.

ఉప్పు మీద తాళం

1857 తర్వాత పాలకులకు ఒక సంగతి అర్థమైంది. తుపాకులు లాక్కుంటే చాలదు, మందు పుట్టే చోటికే తాళం వేయాలి. 1878 ఆయుధ చట్టం తుపాకికీ, మందుకూ లైసెన్సు పెట్టింది. సీసం, గంధకం, సురేకారం వంటి సరుకుల మీద కూడా అదుపు పెట్టే వీలు అందులో ఉంది. మరోవైపు ఉప్పు చట్టాలు గట్టిపడి, మట్టినుంచి ఉప్పు తీసే పని దత్తమండలాల్లో దాదాపు ఆగిపోయింది.

అదే కాలంలో 1876–78 ధాతుకరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1871 నాటికే మద్రాసునుంచి కడప మీదుగా రాయచూరు దాకా రైలు పడింది. సరుకు రైలెక్కేసరికి ఎరుకలవాళ్ల గాడిదలకూ, సుగాలీల ఎద్దులకూ పని తగ్గింది. తరతరాలుగా ఉప్పు, ధాన్యం మోసి ఊళ్లకు ఊపిరి పోసినవాళ్లు ఒక్క తరంలో ‘పనీపాటా లేకుండా తిరిగేవాళ్లు’గా ముద్రపడ్డారు. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల వంటి తెగల మగవాళ్లు పోలీసుల దగ్గర వేలిముద్రలు వేయాల్సి వచ్చింది. స్టువర్టుపురం, కర్నూలు జిల్లా సిద్ధాపురం వంటి సెటిల్‌మెంట్లలో కుటుంబాలను ఉంచారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ‘విముక్త’ అనే మాట అక్కడినుంచి వచ్చింది.

నేరం మన రక్తంలో ఉందని రాసినవాళ్లు, మన పని ఎవరు ఎప్పుడు లాక్కున్నారో మాత్రం ఆ పక్కన రాయలేదు. ఎవరైనా మిమ్మల్ని ఆ పాతమాటతో పొడిస్తే, ఉప్పు, రైలు, కరువు, ఈ మూడు మాటలతో జవాబు చెప్పండి.

పొగలేని మందు

1884లో పాల్ వియెయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పొగలేని మందు తయారుచేశాడు. సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం కాదది. పూర్తిగా ఫ్యాక్టరీ రసాయనం. నాలుగైదేళ్లకే ఆంగ్లేయులు కార్డైట్ తెచ్చారు. చూడటానికి సేమియా పోగుల్లా ఉంటుంది. మన మద్రాసు రాష్ట్రంలోనే నీలగిరుల్లోని అరువంకాడులో 1900ల మొదట్లో కార్డైట్ ఫ్యాక్టరీ లేచింది. అది నేటికీ పనిచేస్తోంది.

రెండు మందుల పోలికకు చరిత్రలోనే మంచి ఉదాహరణ మనందరికీ పేరు తెలిసిన త్రీనాట్‌త్రీ తూటా. 1880ల చివర అది మొదలైనప్పుడు అందులో నింపింది పాత నల్లటి మందే. గుండు సెకనుకు దాదాపు 1,850 అడుగుల వేగంతో పోయేది. 1891లో అదే తూటాలో కార్డైట్ నింపారు. వేగం దాదాపు 2,000 అడుగులకు చేరింది. పొగ పోయింది, గొట్టంలో మసి తగ్గింది. 1910లో మొన తేలిన గుండు వచ్చాక వేగం 2,440 అడుగులైంది.

అయితే వేగానికి ధర ఉంది. కార్డైట్ విపరీతమైన వేడితో కాలుతుంది. రైఫిలు గొట్టంలో మెలి తిరిగిన చాళ్లు ఉంటాయి. గుండును బొంగరంలా తిప్పి, నేరుగా పోయేలా చేసేవి అవే. మొదటి రైఫిళ్లలోని లోతులేని చాళ్లను కార్డైట్ వేడి త్వరగా తినేసింది. చాళ్లు అరిగితే గురి పోతుంది. అందుకని 1895లో లోతైన చాళ్లున్న గొట్టాలు తెచ్చారు, తర్వాత కార్డైట్‌లో వేడి పుట్టించే పాలు తగ్గించారు. వేగం కోసం మందు మార్చారు, మందు కోసం తుపాకి మార్చారు, తుపాకి కోసం మళ్లీ మందు మార్చారు.

మందులను పోల్చేవాడు గుర్తుంచుకోవాల్సిన అసలు సూత్రం ఇక్కడే ఉంది. వేగం వేరు, గురి వేరు. ఒక మందుతో మూడు గుండ్లు 2,640, 2,700, 2,760 అడుగుల వేగంతో పోయాయనుకుందాం. ఇంకో మందుతో 2,598, 2,600, 2,605 వేగంతో పోయాయనుకుందాం. మొదటిది వేగమైనది. దూరపు గురికి రెండోదే నమ్మదగినది. ఎందుకంటే వేగం మారినప్పుడల్లా గుండు దూరంలో కిందికో మీదికో తగులుతుంది. అన్ని గుండ్లూ ఒకేలా పోతే గురి దిద్దుకోవచ్చు. మందు కాలే తీరు గుండు బరువుకూ గొట్టం పొడవుకూ సరిపోవాలి. ఎండకూ చలికీ ఎక్కువ మారకూడదు. కర్నూలు మే నెల ఎండలో ఉంచిన మందు, నీలగిరి చలిలో ఉంచిన మందు ఒకేలా కాలవు. గురి అంటే ఎప్పుడూ ఒకే తీరుగా ఉండటం. బోయ బంటుకు ఈ సంగతి అంకెలు లేకుండానే తెలుసు.

తూటా అయిపోతే

పొగలేని మందు ఇంకో మార్పు తెచ్చింది. నల్లమందు కాలంలో తిరగబడ్డవాడు అడవిలో ఉండి కూడా మందు సంపాదించుకోగలిగాడు. పొగలేని మందు అలా పుట్టదు. ఇత్తడి తూటా, రసాయనం, టోపీ అన్నీ ఫ్యాక్టరీ నుంచే రావాలి.

అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర నడిపిన మన్యం పోరాటంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకున్నారు. లెక్క వేయండి. ఒక్కో తుపాకికి వంద తూటాల లోపే. పేలిన ప్రతి తూటా తిరిగిరాని తూటా. అవతలివాళ్లకు రైళ్ల నిండా వస్తున్నాయి. అయినా మన్యం బిడ్డలు దాదాపు రెండేళ్లు నిలబడ్డారంటే అది తూటాల బలం కాదు. దారి చూపిన, తిండి పెట్టిన, నోరు విప్పని పల్లెల బలం. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం దళం చేతిలో ఉన్నవి ఎక్కువగా బర్మారు తుపాకులే. అక్కడా ఇదే లెక్క ఎదురైంది.

నల్లమల విల్లు

మన నల్లమలలో చెంచులది ఇంకో దారి. తుపాకులు వచ్చిన ఎన్నో తరాలకు కూడా వాళ్ల చేతిలో విల్లే ఉంది. 1940లలో హైమెన్‌డార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకంలోనూ ఆ విల్లు కనిపిస్తుంది. వెదురు, నార, ఈక, ఇనుప ముక్క. ఏ చట్టమూ తాళం వేయలేని సరుకులు. శబ్దం లేదు, పొగ లేదు. తగలకపోతే బాణం ఏరుకుని మళ్లీ వేయొచ్చు. శ్రీశైలం దారిలో యాత్రికులకు కాపలా కాసిన చెంచులను ఆంగ్లేయులు కూడా ఆ పనికే పెట్టుకున్నారు.

ఇవాళ ఆ అడవి పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం వేటను ఆపింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు నేల మీద, అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చినా వేట హక్కు ఇవ్వలేదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం పంట కాపలాకు బర్మారు తుపాకి లైసెన్సు అడగవచ్చు. లైసెన్సు లేని తుపాకి, ఇంట్లో కలిపిన మందు రెండూ జైలు దారే. అడవిపందుల కోసం పెట్టే నాటుబాంబులు చేతులు తీసిన, పశువుల నోళ్లు పగలగొట్టిన ఘటనలు మనకు కొత్త కాదు. ఇక ముఠా కక్షల సంగతి. బాంబు విసిరే పనికి ముందుండేది ఎప్పుడూ పేదింటి కుర్రాడే, అందులో మన పిల్లలూ ఉన్నారు. పాలెగాడికి పింఛను, బంటుకు కూలి అన్న పాతలెక్క అక్కడ నేటికీ మారలేదు. ఆ లెక్కలోకి మళ్లీ వెళ్లకండి.

మన చేయి పట్టాల్సిన గురి

గురి మన జాతుల ఆస్తి. దాన్ని పెట్టుకునే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. రాజస్థాన్ గిరిజన బిడ్డ లింబారాం వెదురు విల్లుతో మొదలుపెట్టి మూడు ఒలింపిక్స్‌లో ఆడాడు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిలుతో కాంస్యం తెచ్చాడు. ఆ రైఫిలులో మందే ఉండదు, గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. విజయవాడ జ్యోతి సురేఖ విల్లుతో ప్రపంచ స్థాయిలో నిలిచింది.

చదువు దారి కూడా ఉంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం పాలకొలను దగ్గర రక్షణ పరిశోధన సంస్థ పరీక్షా కేంద్రం నడుస్తోంది. మనిషి మోసుకెళ్లగల ట్యాంకు విధ్వంసక క్షిపణిని 2019 సెప్టెంబరులో కర్నూలు రేంజిలో పరీక్షించారు. రాబిన్స్ ఉయ్యాలతో కొలిచినదాన్ని అక్కడ రాడార్లతో కొలుస్తున్నారు. ఏ మందు ఎంత వేగం ఇస్తుంది, ఎంత తిన్నగా పోతుంది అన్న ప్రశ్న ఇంకా సీమ నేల మీదే అడుగుతున్నారు. ఈసారి ఆ ప్రశ్న అడిగే బల్ల దగ్గర, రసాయనం, గణితం చదివిన చెంచు, ఎరుకల, సుగాలి, యానాది బిడ్డలు కూర్చోవాలి.

ఒక చిన్న పని మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. మీ ఇళ్లలో ఉన్న అవ్వల్ని, తాతల్ని అడిగి రాసుకోండి: ఉప్పు ఎక్కడినుంచి తెచ్చేవాళ్లం, ఏ కనుమ దాటేవాళ్లం, ఎద్దుల పేర్లేమిటి, విల్లుకు ఏ వెదురు, నారకు ఏ చెట్టు, ఏ ముత్తాతను పోలీసులు ఎందుకు పట్టుకుపోయారు. మాట మాటగా, వాళ్ల యాసలోనే రాయండి. తేదీ వేయండి. ఫోనులో గొంతు కూడా దాచండి. రాబిన్స్ విద్య మిగిలింది ఆయన రాసుకోవడం వల్లే. మన పెద్దల విద్య మట్టిలో కలిసింది రాసేవాళ్లు లేకే. ఇప్పుడు మన ఇళ్లలో రాయగల చేతులున్నాయి.